తాళంచెవులన్నీ ఒకే గుత్తిలో

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లు మొరాయించాయి. ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా పనులన్నీ కాగితం మీదికి మారాయి. దాదాపు రెండు వారాల పాటు ఆ ఆసుపత్రి చేతిరాత మీదే నడిచింది. 5 సర్వర్లు దాడికి గురయ్యాయని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దుండగులు తెరవడానికి వీల్లేకుండా ఎన్‌క్రిప్ట్ చేశారని, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే ఇందుకు కారణమని ప్రభుత్వం తర్వాత పార్లమెంటుకు చెప్పింది. దాడి చేసిందెవరు, ఏ దేశం నుంచి, ఎంత సొమ్ము అడిగారు అన్న వాటి చుట్టూనే అప్పట్లో చర్చంతా తిరిగింది. ప్రభుత్వ సమాధానాల్లోనే ఉన్న మరో వాక్యం మీద మాత్రం ఎవరి దృష్టీ పెద్దగా నిలవలేదు. ఈ-హాస్పిటల్ డేటా మొత్తాన్నీ దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి రాబట్టి, కొత్త సర్వర్లలోకి ఎక్కించారు. ఎయిమ్స్ మళ్లీ లేచి నిలబడిందంటే ఆ ఒక్క సర్వర్ పుణ్యమే.

తొమ్మిది నెలల తర్వాత, 2023 ఆగస్టు 18 తెల్లవారుజామున, డెన్మార్క్‌లో క్లౌడ్‌నార్డిక్ అనే హోస్టింగ్ సంస్థకు ఇలాంటి దెబ్బే తగిలింది. ఫలితం మాత్రం వేరు. ఆ సంస్థే ప్రకటించిన వివరాల ప్రకారం, అప్పట్లో సర్వర్లను ఒక డేటా సెంటర్ నుంచి మరో డేటా సెంటర్‌కు తరలిస్తున్నారు. వాటిలో కొన్నింట్లో అప్పటికే మాల్‌వేర్ చొరబడి ఉంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. తరలింపులో భాగంగా వాటిని, సర్వర్లన్నింటినీ నిర్వహించే అంతర్గత నెట్‌వర్క్‌కు తగిలించారు. ఆ దారిన దుండగులు కేంద్ర నిర్వహణ వ్యవస్థలోకి, అక్కడి నుంచి స్టోరేజ్ మొత్తానికి, రెప్లికేషన్ బ్యాకప్‌కు, దాని వెనకున్న రెండో బ్యాకప్‌కు చేరారు. ఖాతాదారుల్లో అత్యధికులు తమ డేటా మొత్తం పోగొట్టుకున్నారు. బ్యాకప్ లేక జరిగిన నష్టం కాదిది. రెండంచెల బ్యాకప్ ఉంది, కాకపోతే రెండంచెలకూ తాళంచెవి ఒకే గుత్తిలో ఉంది. అందుకే స్టోరేజ్ నెట్‌వర్క్‌ల భద్రత గురించి సంస్థలు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: నిర్వహణ అధికారం పరాయివాళ్ల చేతిలో పడితే, వాళ్లు చెరపలేనిదంటూ ఏం మిగులుతుంది? దీనికి జవాబు సిద్ధం చేసుకోకుండా కొనే ఫైర్‌వాల్‌లకూ ఎన్‌క్రిప్షన్ లైసెన్సులకూ పెట్టే డబ్బు సగం వృథాయే.

ఓ మోస్తరు బ్యాంకులోనో ఆసుపత్రిలోనో విశ్వవిద్యాలయంలోనో సర్వర్లలో డిస్కులు నామమాత్రంగానే ఉంటాయి. అసలు డేటా అంతా ర్యాకులో కూర్చున్న ఒకటి రెండు స్టోరేజ్ పెట్టెల్లో ఉంటుంది. ఆ పెట్టెలనూ సర్వర్లనూ కలిపే ప్రత్యేక నెట్‌వర్కే స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్. ఈ పనిలో ఉన్నవాళ్లు పొట్టిగా శాన్ అంటారు. స్టోరేజ్‌లోంచి కొంత భాగాన్ని విడదీసి ఒక సర్వర్‌కు కేటాయిస్తే దాన్ని లన్ అంటారు. సర్వర్‌కు అది సొంత డిస్కులాగే కనబడుతుంది. ఏ సర్వర్ ఏ స్టోరేజ్ పోర్టుతో మాట్లాడవచ్చో స్విచ్‌లో రాసిపెట్టడం జోనింగ్. ఏ లన్ ఏ సర్వర్ కంటపడాలో స్టోరేజ్ పెట్టెలో నిర్ణయించడం లన్ మాస్కింగ్. శాన్ భద్రత అనగానే ఇంజినీర్లు చెప్పేది ముందుగా ఈ రెండింటి గురించే. అయితే ఇవి శత్రువును దృష్టిలో పెట్టుకుని పుట్టిన ఏర్పాట్లు కావు. 1990లలో శాన్‌లు వచ్చిన కొత్తలో విండోస్ ఎన్‌టీ సర్వర్ తన కంటికి ఆనిన ప్రతి డిస్కూ తనదేననుకుని దాని మీద తన ముద్ర వేసేది. పక్కనున్న యూనిక్స్ సర్వర్ డేటా అలా పాడైపోయేది. ఆ పొరపాట్లను ఆపడానికి తెచ్చిన కట్టుబాట్లనే మనం రక్షణ కవచాలుగా చెప్పుకుంటున్నాం. పొరపాటున వచ్చేవాణ్ని ఆపే ఏర్పాటుకూ పనిగట్టుకుని వచ్చేవాణ్ని ఆపే ఏర్పాటుకూ చాలా దూరం ఉంది.

ఆ దూరం ఎంతో తెలియాలంటే గాజు తీగల మీద నడిచే ఫైబర్ ఛానెల్ శాన్‌లో సర్వర్‌ను దేన్ని బట్టి గుర్తిస్తారో చూడాలి. ప్రతి సర్వర్‌లోని కార్డుకు వరల్డ్ వైడ్ నేమ్ అనే 64 బిట్ల సంఖ్య ఉంటుంది. తెరమీద అది రెండేసి అక్షరాలకు ఒక కోలన్ చొప్పున, మొత్తం 16 అక్షరాల వరుసగా కనబడుతుంది. జోనింగ్ పట్టికల్లో, మాస్కింగ్ పట్టికల్లో రాసేది సాధారణంగా దీన్నే. 'నేను ఫలానా' అని కార్డు ప్రకటిస్తే స్విచ్ నమ్ముతుంది. ఆ సంఖ్యను సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు, అలా వేరే సర్వర్ వేషం వేయవచ్చు అని హిమాంశు ద్వివేది అనే భద్రతా నిపుణుడు 2000ల మొదట్లోనే బ్లాక్ హ్యాట్ సభల్లో చూపించాడు. 2005లో దీని మీద పుస్తకమే రాశాడు. మామూలు ఈథర్‌నెట్ మీద నడిచే ఐ-స్కజీ పద్ధతిలో వేషం వేయడం మరీ తేలిక. అక్కడ సర్వర్ గుర్తింపంటే ఒక చిన్న టెక్స్ట్ ఫైలులోని ఒకే ఒక్క వరుస. చాప్ అనే పాస్‌వర్డ్ తనిఖీ ఉంది కానీ దాన్ని పెట్టుకోవడం, మానడం అడ్మిన్ ఇష్టం. ఆ ఇష్టాయిష్టాల ఫలితం 2019లో బయటపడింది: పాస్‌వర్డ్ అన్నదే లేకుండా 13,000కు పైగా ఐ-స్కజీ స్టోరేజ్‌లు నేరుగా ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నాయి.

మా శాన్ ఇంటర్నెట్‌లో లేదు, అది గాజు తీగల మీద నడిచే విడి నెట్‌వర్క్, బయటివాడు అందులోకి రాలేడు అన్నది ఇక్కడ తరచుగా వినిపించే అభ్యంతరం. అందులో నిజం ఉంది. ఫైబర్ ఛానెల్ ఫ్రేములను పట్టుకోవడానికి ఎవరూ డేటా సెంటర్ గోడకు కన్నం వేయరు. ఆ అవసరమే వాళ్లకు లేదు. డేటా ప్రయాణించే దారి వేరైనా, ఆ దారిని శాసించే మేనేజ్‌మెంట్ పోర్టు మామూలు ఈథర్‌నెట్ తీగ మీదే ఉంటుంది. ఎన్నో చోట్ల అది ఆఫీసు కంప్యూటర్లు తిరిగే నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అడ్మిన్ తన సీటు దగ్గర కూర్చునే, మెయిల్ చూసుకునే ల్యాప్‌టాప్‌లోనే స్టోరేజ్ కన్సోల్ తెరుస్తాడు. ఆ కన్సోల్ ఎంత గట్టిదో చరిత్రే చెబుతుంది. హెచ్‌పీ అమ్మిన పీ2000 స్టోరేజ్ పెట్టెల్లో, యూజర్ల జాబితాలో కనబడని ఒక అడ్మిన్ ఖాతా ఉన్నట్టు 2010 డిసెంబర్‌లో బయటపడింది. ఫైబర్ ఛానెల్ స్విచ్‌లను నిర్వహించే బ్రొకేడ్ వారి శాన్‌నావ్ సాఫ్ట్‌వేర్‌లో 18 లోపాలున్నట్టు 2024లో ఒక స్వతంత్ర పరిశోధకుడు వెల్లడించాడు. శాన్‌కు తగిలించిన సర్వర్ల దారి ఎలాగూ ఉండనే ఉంది. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ అనే ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లను మూసేసి, తెరవడానికి సొమ్ము అడిగే ప్రోగ్రామ్) ప్రపంచవ్యాప్తంగా వేల వీఎంవేర్ సర్వర్లను పట్టింది. అది వాడుకున్నట్టు చెబుతున్న లోపానికి రెండేళ్ల కిందటే మందు విడుదలైంది. వర్చువల్ మెషీన్లన్నీ శాన్ మీద ఒకే డేటాస్టోర్‌లో ఉన్నచోట వాటిని నడిపే హైపర్‌వైజర్ చేజిక్కితే చాలు, గాజు తీగ జోలికి వెళ్లే పనే ఉండదు.

డేటా అంతా ఎన్‌క్రిప్ట్ చేసే ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఇది అభ్యంతరం కన్నా అపార్థం. స్టోరేజ్ పెట్టెలోని డిస్కుల ఎన్‌క్రిప్షన్ చేసే మేలు ఒకటే: పాడైన డిస్కును కంపెనీ మనిషి పట్టుకెళ్లినా, ఎవరైనా దొంగిలించినా దానిలోంచి ఏమీ చదవలేరు. హక్కున్న సర్వర్ అడిగితే ఆ పెట్టె డేటాను విప్పి మామూలుగానే ఇచ్చేస్తుంది, ఆ సర్వర్‌ను ఎవరు నడుపుతున్నారని చూడదు. అప్పటికే ఎన్‌క్రిప్ట్ అయిన డేటాను ర్యాన్‌సమ్‌వేర్ తన తాళంతో మరోసారి మూసేయడానికి అడ్డేమీ లేదు. పైగా ఆ తాళాలను దాచే కీ సర్వర్ పాడైతే, లేదా కావాలని ఎవరైనా చెరిపితే, డిస్కులన్నీ క్షేమంగా ఉండి కూడా ఎందుకూ పనికిరావు.

ఇంతకన్నా ప్రమాదకరమైన ధీమా రెప్లికేషన్ మీద ఉంది. హైదరాబాద్‌లో ప్రధాన కేంద్రం, మరో నగరంలో విపత్తు వేళ ఆదుకునే డీఆర్ కేంద్రం, ఇక్కడ రాసిన ప్రతి అక్షరం అక్కడా పడుతుంది. ఇక భయమేముంది అంటారు. వరద వచ్చినా, కరెంటు పోయినా, కంట్రోలర్ కాలిపోయినా ఆ ఏర్పాటు ఆదుకుంటుంది. కానీ రెప్లికేషన్‌కు మంచీచెడూ తెలియదు. ఇక్కడ చెడిన డేటా క్షణాల్లో అక్కడా చెడుతుంది. సంస్థలు స్నాప్‌షాట్లను నమ్ముకోవడం అందుకే: గంట కిందటి స్థితికి, నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లవచ్చు. ఇదీ మంచి ఏర్పాటే. అయితే స్నాప్‌షాట్ ఉండేది అదే పెట్టెలో, దాన్ని చెరిపే అధికారం ఉండేది అదే అడ్మిన్‌కు. ర్యాన్‌సమ్‌వేర్ ముఠాలకు ఇది బాగా తెలుసు. ఫైళ్లను మూసేసే ముందు స్నాప్‌షాట్లను, బ్యాకప్ జాబితాలను వెతికి తుడిచేయడం వాళ్ల పనిలో మొదటి మెట్టయింది. వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఒక తీవ్రమైన లోపాన్ని 2024 సెప్టెంబర్‌లో ప్రకటిస్తే, కొద్ది వారాల్లోనే అకీరా, ఫాగ్ ముఠాలు దాన్ని వాడుకోవడం మొదలుపెట్టాయి. బ్యాకప్ సర్వర్‌ను ఆఫీసు డొమైన్‌లోనే చేర్చి, ఆఫీసు పాస్‌వర్డ్‌తోనే తెరిచే సంస్థలు వాళ్ల పనిని ఇంకా సులువు చేస్తున్నాయి.

చెరపలేని స్నాప్‌షాట్ల పేరిట ఇప్పుడు ప్రతి కంపెనీ ఒక సదుపాయం అమ్ముతోంది. గడువు తీరేదాకా ఎవరూ తొలగించలేరని దాని హామీ. కొనదగిన సరుకే, అయితే 'ఎవరూ' అంటే ఎవరెవరో విప్పి చూసుకుని మరీ కొనాలి. క్లౌడ్ స్టోరేజ్‌లో గవర్నెన్స్ మోడ్, కంప్లయన్స్ మోడ్ అని రెండు రకాల బిగింపులుంటాయి. మొదటిదాంట్లో ప్రత్యేక హక్కున్న ఖాతా గడువుకు ముందే తొలగించగలదు. రెండోదాంట్లో యజమాని ఖాతాకు కూడా ఆ వీలు లేదు. రెండో రకంలో చిక్కు ఉంది: పొరపాటున పదేళ్ల గడువు పెడితే పదేళ్లూ అద్దె కట్టాలి. అందుకని చాలామంది మొదటిదాన్ని ఎంచుకుంటారు, ఎంచుకుని రెండోదాని ధీమాతో నిద్రపోతారు. గడియారం సంగతీ చూడాలి. గడువు లెక్క పెట్టేది పెట్టెలోని గడియారమే అయినప్పుడు, దాన్ని ముందుకు తిప్పే హక్కు అడ్మిన్‌కే ఉంటే ఆ గడువుకు విలువేముంది? కంపెనీ సపోర్టు ఇంజినీరుకు దూరం నుంచి లాగిన్ ఇచ్చే ఖాతా ఈ బిగింపును సడలించగలదా అన్నది కూడా టెండరు దశలోనే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

డేటా పోవడానికి శత్రువే రానక్కర్లేదు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో 2021 డిసెంబర్ 14 నుంచి 16 మధ్య సూపర్‌కంప్యూటర్ స్టోరేజ్ నుంచి సుమారు 77 టెరాబైట్ల పరిశోధన డేటా, దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు మాయమయ్యాయి. 14 పరిశోధక బృందాలు నష్టపోయాయి. వాటిలో 4 బృందాల డేటాను బ్యాకప్ నుంచి కూడా తేలేకపోయారు. చేసింది హ్యాకర్ కాదు, ఆ వ్యవస్థను సరఫరా చేసిన హెచ్‌పీఈ సంస్థ మనుషులే. పాత లాగ్ ఫైళ్లను తొలగించే పని కూడా చూసే బ్యాకప్ స్క్రిప్టును మెరుగుపరచి, పాతది నడుస్తుండగానే దాని మీద కొత్తది ఎక్కించారు. సగం పాతది, సగం కొత్తది అయిన ఆ స్క్రిప్టులో ఏ డైరెక్టరీని శుభ్రం చేయాలో చెప్పే చోట ఖాళీ మిగిలింది. దాంతో లాగ్‌ల బదులు అసలు ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సంస్థ బాధ్యత ఒప్పుకుంది. దొంగ చేసినా, నమ్మకస్తుడు పొరబడినా స్టోరేజ్‌కు అందేది ఒకే ఆదేశం, అది పాటించేదీ ఒకేలా. కాబట్టి తొలగించే ఆదేశాలకు ఇద్దరి ఆమోదం ఉండాలి. అడ్మిన్ల మీద అనుమానంతోనే ఈ కట్టడి అని వాళ్లు నొచ్చుకోనక్కర్లేదు.

ఇక ఆచరణలో వచ్చే అభ్యంతరానికి బరువుంది. అర్ధరాత్రి రెండింటికి డేటాబేస్ లన్ 98 శాతం నిండి, తెల్లారేసరికి బ్యాంకు శాఖలు తెరవాల్సి ఉంటే, ప్రతి పనికీ రెండో మనిషి ఆమోదం కావాలంటే ఎలా అని స్టోరేజ్ బృందాలు అడుగుతాయి. నిజమే, కానీ లన్‌ను పెంచడానికి రెండో సంతకం ఎవరూ అడగడం లేదు. కొత్త లన్ ఇవ్వడం, స్థలం పెంచడం, కొత్త స్నాప్‌షాట్ తీయడం ఒక్కరే చేసుకోవచ్చు. లన్‌ను తొలగించడం, స్నాప్‌షాట్‌ను గడువుకు ముందే చెరపడం, గడువు తగ్గించడం, రెప్లికేషన్ ఆపడం, కొత్త అడ్మిన్‌ను చేర్చడం వంటి కొద్ది పనులకే ఇద్దరు కావాలి. వీటిలో అర్ధరాత్రి తప్పనిసరయ్యేవి అరుదు. ఇప్పుడు ఈ పనులకూ సర్వసాధారణంగా ఉన్న అడ్డు 'నిజంగానే తొలగించాలా' అని తెరమీద అడిగే ఒక చిన్న పెట్టె మాత్రమే. రోజుకు పదిసార్లు దాన్ని చూసే వేలు చదవకుండానే నొక్కేస్తుంది. బ్యాకప్ బాధ్యతను స్టోరేజ్ అడ్మిన్ నుంచి వేరుచేసి వేరే ఖాతా, వేరే పాస్‌వర్డ్ వ్యవస్థ కింద పెట్టడం ఇంకా ముఖ్యం. అందుకు కొత్త యంత్రం అక్కర్లేదు, ఉన్న అధికారాన్ని పంచుకోవడానికి మనసొప్పాలి. చిక్కు ఎక్కువగా అక్కడే వస్తుంది.

చిన్న సంస్థలు ఇంత భారం మోయలేవన్న మాటకు హైదరాబాద్‌లోనే ఒక జవాబుంది. 2022 జనవరిలో మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి దుండగులు రూ.12 కోట్లకు పైగా తరలించారు. ఇది స్టోరేజ్ మీద దాడి కాదు, ఫిషింగ్ మెయిళ్లతో లోపలికి చొరబడి చేసిన దోపిడీ. కానీ దర్యాప్తులో హైదరాబాద్ పోలీసులు ఎత్తిచూపిన లోపాలు ఈ వ్యాసం చెబుతున్నవే: ఒకరిద్దరికి ఉండాల్సిన సూపర్ యూజర్ హక్కు పదిమందికి ఉంది, నెట్‌వర్క్‌ను విభజించలేదు. రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది. పదిలోంచి ఎనిమిది ఖాతాలు తీసేయడానికి ఖర్చేమీ కాదు. ఇక క్లౌడ్‌లోకి వెళ్తే ఈ బెడద ఉండదనుకునేవాళ్లు 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీకి ఏమైందో చూడాలి. దుండగుడు ఆ కంపెనీ అమెజాన్ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి జొరబడి డిస్కులు, స్నాప్‌షాట్లు, బ్యాకప్‌లలో చాలా భాగం చెరిపేశాడు. అవన్నీ అదే ప్యానెల్ అధికారం కింద ఉండటంతో కంపెనీయే మూతపడింది. పెద్ద ప్రభుత్వాలకూ మినహాయింపు లేదు. దక్షిణ కొరియాలోని దేజాన్‌లో 2025 సెప్టెంబర్ 26న ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడినప్పుడు ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్ 858 టెరాబైట్ల డేటాతో సహా బూడిదైంది. దానికి బయట బ్యాకప్ లేదు. పరిమాణం మరీ పెద్దది కాబట్టి పెట్టలేదని అధికారులు కారణం చెప్పారు. బ్యాకప్‌కు ఆటంకమని ఆ పరిమాణాన్నే చూపారు, నిజానికి బ్యాకప్ ఉండి తీరాలనడానికి అంతకు మించిన కారణం లేదు.

మన చట్టాలు ఈ విషయాన్ని పక్కనుంచి తాకుతాయే తప్ప నేరుగా అడగవు. దాడిని 6 గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతాయి. తగిన రక్షణ ఏర్పాట్లు చేయక వ్యక్తిగత డేటా బయటికి పొక్కితే రూ.250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటుంది. స్టోరేజ్‌కు ప్రత్యేకించిన మార్గదర్శకాలకు కొదవేమీ లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2020 అక్టోబర్‌లో ఒక పత్రం తెచ్చింది, ఐఎస్‌ఓ 27040 ప్రమాణం 2024లో కొత్త రూపంలో వచ్చింది. అయినా ఆడిటర్లు ఎక్కువగా వెబ్‌సైట్లు, సర్వర్లు, ఫైర్‌వాల్‌లు చూసి వెళ్తారు. స్టోరేజ్ హార్డ్‌వేర్ విభాగం సంగతని, బ్యాకప్ కాంట్రాక్టరు సంగతని వదిలేస్తారు. దీన్ని మార్చడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. స్టోరేజ్‌లో అందరికన్నా పెద్ద హక్కున్న ఖాతాతో ఏమేం తొలగించవచ్చో, ఎంత సేపట్లో తొలగించవచ్చో, ఎవరికి కబురు వెళ్తుందో ఏడాదికోసారి బయటి బృందంతో రాయించి, ఆ జాబితాను పాలకమండలి తెప్పించుకోవాలి. అది ఒకట్రెండు పేజీలకు మించదు. అందులో ఆఖరి బ్యాకప్ ప్రతి పేరు కూడా కనబడితే, ఫైర్‌వాల్ లైసెన్సు రెన్యువల్ కాగితాన్ని పక్కన పెట్టి ముందు ఆ బ్యాకప్‌ను వేరు చేసే ఫైలు మీద సంతకం చేయాలి.